ముందు తప్పు జవాబు రాయండి

చిక్కులెక్కలు విప్పడం ఎలా మాస్టారూ అని అడిగిన పిల్లలందరికీ నేను చెప్పిన మొదటి మాట ఇదే. తప్పు జవాబు రాయండి. పెన్సిలుతో వద్దు, చెరపడానికి వీల్లేకుండా పెన్నుతో రాయండి. పక్కన తేదీ వేయండి. ఈ మాట విని తల్లిదండ్రులు నన్ను నిలదీశారు. తోటి లెక్చరర్లు తిక్క సలహా అన్నారు. ఉద్యోగం నుంచి దిగిపోయినా నా మాట మారలేదు. కింద రాసినవన్నీ అలాంటి సలహాలే. అన్నీ ఏటికి ఎదురీదమని చెప్పినట్టే ఉంటాయి. ఒక్కటైనా పాటించి చూశాక మాట్లాడుకుందాం.

తప్పు ఎందుకు రాయాలంటే, ఒప్పు జవాబు చెవిన పడగానే మన బుర్ర తన పాత మాట మార్చేస్తుంది. "ఓస్, ఇంతేనా, నాకూ అలాగే అనిపించింది" అంటుంది. అనిపించి ఉండదు. కాగితం మీద మన చేతిరాతతో తప్పు కనబడితేనే, ఎక్కడ అడుగు జారిందో వెతుక్కునే పని మొదలవుతుంది. ఆ వెతుకులాటే చదువు. జవాబు వెనక పేజీలో ఎలాగూ ఉంటుంది.

జవాబు అడగొద్దు, ఎవరికీ చెప్పొద్దు

నేను లెక్కలు నేర్చుకున్నది బడి కంటే ముందు మిరప కల్లంలో. పర్చూరు వైపు నల్లరేగడి నేలలు మావి. పత్తి, మిరప తప్ప వేరే ధ్యాస ఉండదు. మాఘమాసంలో కల్లం నిండా కాయ ఎండబోసి ఉండేది. రాత్రి తాతయ్య నులకమంచం వేసుకుని కాపలా పడుకుంటే నేనూ పక్కన దూరేవాణ్ణి. ఘాటుకు ముక్కు మండేది, తుమ్ములొచ్చేవి. నిద్ర పట్టక కథ చెప్పమంటే తాతయ్య లెక్క చెప్పేవాడు.

"గుండ్లకమ్మ దాటాలిరా అబ్బాయ్. నీ దగ్గర పులి, మేక, గడ్డిమోపు ఉన్నాయి. పడవలో నీతో పాటు ఒక్కటే పడుతుంది. నువ్వు దగ్గర లేకపోతే పులి మేకను తినేస్తది, మేక గడ్డి తినేస్తది. ఎట్టా దాటిస్తావు?"

మేకను ముందు దాటించాలన్నది వెంటనే తట్టింది. తర్వాత పులిని తీసుకెళ్తే, "నువ్వు గడ్డికోసం తిరిగొచ్చేలోగా మేక అయిపోయింది" అనేవాడు. గడ్డిని తీసుకెళ్తే, "గడ్డి అయిపోయింది, పడుకో" అనేవాడు. నాలుగు రాత్రులు అదే వరస. ఏడ్చినా చెప్పలేదు. నాయనమ్మ జాలిపడి చెప్పబోతే ఆమెను కూడా ఆపేశాడు. ఐదో రోజు పొద్దున్నే దొడ్లో పళ్ళు తోముకుంటుంటే తట్టింది: అవతలికి చేర్చిన మేకను మళ్ళీ ఇవతలికి తెచ్చుకోవాలి! మొత్తం ఏడు దాట్లు. పుక్కిలించకుండానే కల్లానికి పరిగెత్తాను.

సాధించినదాన్ని వెనక్కి తెచ్చుకోవడం కూడా ముందుకు వెళ్ళడమేనన్న సంగతి నాకు ఏ పుస్తకం చెప్పినా అంత లోతుగా దిగేది కాదు. 804లో కన్నుమూసిన ఆల్క్విన్ అనే యార్క్ పండితుడి పేరిట ఉన్న లాటిన్ లెక్కల పుస్తకంలో ఇదే లెక్క తోడేలు, మేక, క్యాబేజీలతో ఉందని కాలేజీలో చదివాక తెలిసింది. పన్నెండు వందల ఏళ్ళుగా పిల్లలు ఏ భాషలో విన్నా అదే రెండో దాటు దగ్గర ఆగిపోతున్నారన్నమాట. వాళ్ళను అక్కడ ఆగనివ్వండి. నాలుగు రాత్రులు పోతే పోయాయి.

నాకు కోపం తెప్పించేది ఒకటుంది. ఒక కోచింగ్ సెంటరులో ఇలాంటి లెక్కలను రకాలుగా విడదీసి, రకానికొక షార్ట్‌కట్ బట్టీ పట్టించడం కళ్ళారా చూశాను. పులి మాట రాగానే పిల్లవాడు చెయ్యెత్తి "ఏడు" అంటాడు. ఏడెందుకని అడిగితే నా మొహం చూస్తాడు. ఆ పిల్లవాడి దగ్గరనుంచి ఐదో రోజు పొద్దును దొంగిలించారు. దానికి ఫీజు కూడా తీసుకున్నారు.

పెద్ద లెక్కను చేయకండి

మా వైపే ఇంకొల్లు పక్కన పావులూరు ఉంది. తెలుగులో తొలి గణిత గ్రంథం రాసిన పావులూరి మల్లన ఇంటిపేరు ఆ ఊరిదే. 850 ప్రాంతంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మాటకు మాట దించలేదు, తన కాలానికీ తన నేలకూ తగ్గట్టు మలుచుకున్నాడు. నన్నయ భారతం మొదలుపెట్టిన రోజులకు కాస్త అటూఇటూగా, మన ప్రాంతపు పాత పేరు కమ్మనాడును తగిలించుకున్న మనిషి లెక్కల్ని పద్యంలో చెప్పాడన్నది మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? ఏ ఊళ్ళో అడిగినా క్రికెటర్ల పేర్లు చెబుతారు.

మల్లన పేరిట చెప్పుకునే లెక్కల్లో చదరంగం గళ్ళ లెక్క ఒకటి. మొదటి గడిలో 1, రెండో గడిలో 2, మూడో గడిలో 4, అలా 64 గళ్ళకూ రెట్టింపు చేసుకుంటూ పోతే మొత్తం ఎంత? జవాబు 18446744073709551615. ఇరవై అంకెల ఈ సంఖ్యను అంకె వాడకుండా మాటలతో చెప్పడం ఆనాటి పద్ధతి. చంద్రుడంటే 1, వేదాలంటే 4, ఆకాశమంటే 0. కుడినుంచి ఎడమకు చదువుకుంటూ పోవాలి.

ఈ లెక్క ఇవ్వగానే పిల్లలు 64 సార్లు రెట్టించడం మొదలెడతారు. ఇరవయ్యో గడి దగ్గర కూడికలో తప్పు పోతుంది. నా సలహా, ఆ లెక్కను వదిలేయండి. నాలుగు గళ్ళ చదరంగం చేసుకోండి. 1, 2, 4, 8 కలిపితే 15. ఐదో గడి ఉండి ఉంటే అందులో 16 పడేవి. మొత్తం ఎప్పుడూ రాబోయే గడికి ఒకటి తక్కువ. మూడు గళ్ళతో చూడండి, ఐదు గళ్ళతో చూడండి, అంతే. ఇప్పుడు 64 గళ్ళ లెక్క అంటే, లేని 65వ గడిలోంచి ఒకటి తీసేయడమే. ఇచ్చిన లెక్క చేయకుండా వేరే చిన్న లెక్క చేయడం బద్ధకం కాదు, అదే దారి.

అడిగినవాణ్ణి నిలదీయండి

పెద్దలు చెప్పింది వినమని పిల్లలకు నేర్పుతాం. చిక్కులెక్కల దగ్గర మాత్రం అడిగినవాణ్ణి కోర్టులో సాక్షిని అడిగినట్టు అడగాలి. "ఈ సంగతి నీకెలా తెలిసింది?" అన్న ఒక్క ప్రశ్న చేతిలో ఉంటే సంభావ్యత లెక్కల్లో సగం కూలిపోతాయి.

మూడు స్టీలు గ్లాసులు బోర్లించండి. ఒకదాని కింద ఎండుమిరపకాయ దాచండి. తేజ రకం అయితే సన్నగా ఉంటుంది, గ్లాసు కదిపినా చప్పుడు రాదు. ఎక్కడుందో దాచినవాళ్ళకే తెలియాలి. ఆడేవాళ్ళు ఒక గ్లాసు మీద వేలు పెడతారు. అప్పుడు దాచినవాళ్ళు మిగతా రెండింటిలో ఖాళీ గ్లాసు ఒకటి ఎత్తి చూపిస్తారు. ఇప్పుడు వేలు అక్కడే ఉంచాలా, మిగిలిన గ్లాసు మీదికి మార్చాలా?

మా మేనకోడలు ఇంజనీరింగు చదువుతున్నప్పుడు దీపావళికి ఇంటికొస్తే ఈ ఆట పెట్టాను. "రెండే మిగిలాయి కదా మావయ్యా, చెరి సగం. మార్చినా మార్చకపోయినా ఒకటే" అంది. రాయమన్నాను. రాసింది. "సరే అమ్మా, ముప్పయి ఆటలు ఆడదాం, నువ్వు వేలు కదపొద్దు" అన్నాను. పన్నెండు ఆటలయ్యేసరికి "నువ్వేదో మాయ చేస్తున్నావు మావయ్యా" అని గ్లాసులు లాక్కుంది. ఈసారి తను దాచింది, నేను వేలు పెట్టి, ప్రతిసారీ మార్చాను. ముప్పయి అయ్యేసరికి తన నోట మాట లేదు. వేలు కదపకపోతే ముప్పయిలో పది చొప్పున గెలుస్తాం. మారిస్తే ఇరవై చొప్పున.

కారణం చిన్నది. మొదట పెట్టిన వేలు కాయ మీద పడేది మూడింట ఒక్కసారే. మిగతా రెండుసార్లూ కాయ అవతలి రెండు గ్లాసుల్లో ఎక్కడో ఉంటుంది. దాచినవాళ్ళు తెలిసి మరీ ఖాళీది ఎత్తుతారు కాబట్టి, మిగిలిన గ్లాసే కాయ ఉన్న గ్లాసు. వాళ్ళు ఎత్తినప్పుడు మనకు తెలియకుండానే ఒక రహస్యం మన చేతిలో పెట్టారు.

మా మేనకోడలు నమ్మనందుకు తప్పు పట్టను. స్టీవ్ సెల్విన్ అనే గణాంకవేత్త 1975లో మూడు పెట్టెల రూపంలో ఈ లెక్కను ఒక స్టాటిస్టిక్స్ పత్రికకు రాశాడు. 1990లో మెరిలిన్ వాస్ సవాంట్ అనే అమెరికన్ రచయిత్రి పెరేడ్ పత్రికలో మార్చడమే మేలని రాస్తే, పది వేల దాకా ఉత్తరాలు వచ్చిపడ్డాయి. ఆమెదే తప్పని గట్టిగా రాసినవాళ్ళలో వెయ్యిమంది వరకూ డాక్టరేట్లు ఉన్నవాళ్ళు. పాల్ ఎర్డిష్ అంతటి గణితవేత్త కూడా వాదనతో ఒప్పుకోలేదు. కంప్యూటరు మీద వందలసార్లు ఆడించి చూపిస్తే అప్పుడు దిగివచ్చాడు. వాదనతో దిగని తప్పు చేత్తో ఆడితే దిగుతుంది. అందుకే సూత్రం ముందు చెప్పొద్దంటాను. గ్లాసులు ముందు తీయండి.

ఇక అసలు ప్రశ్న. దాచినవాళ్ళు ఎత్తకుండా, గాలికి ఒక గ్లాసు పడిపోయిందనుకోండి. పడింది మీరు వేలు పెట్టనిది. చూస్తే ఖాళీ. ఇప్పుడు మార్చాలా? కళ్ళ ముందు దృశ్యం అచ్చం అదే. రెండు బోర్లా గ్లాసులు, ఒకటి ఖాళీగా పడి ఉంది. అయినా ఈసారి మా మేనకోడలి మొదటి జవాబే ఒప్పు, చెరి సగం. గాలికి కాయ ఎక్కడుందో తెలియదు. కాయ ఉన్న గ్లాసే పడి ఉండొచ్చు, పడలేదు. మీ వేలు కింద కాయ ఉంటే పడే గ్లాసు ఎలాగూ ఖాళీయే. లేకపోతే ఖాళీది పడే అవకాశం సగమే. ఆ లెక్క వేసుకుంటే రెండు వైపులా సమానమవుతుంది. ఎత్తింది తెలిసిన చెయ్యా, తెలియని గాలా అన్నదాన్ని బట్టి జవాబు మారిపోయింది. ఇది అర్థమైన రోజు నేను చాలాసేపు వరండాలో ఊరికే కూర్చున్నాను.

ఇద్దరు పిల్లల లెక్కా ఇంతే. ఒకావిడకు ఇద్దరు పిల్లలు, వాళ్ళలో ఒకరు ఆడపిల్ల. ఇద్దరూ ఆడపిల్లలే అయ్యే అవకాశమెంత? చిక్కులెక్కల రచయిత మార్టిన్ గార్డ్‌నర్ 1959లో ఇలాంటిదే ఇచ్చి మూడింట ఒకటి అన్నాడు. తర్వాత, ప్రశ్న అడిగిన తీరులోనే తేడా ఉందని తనే ఒప్పుకున్నాడు. "మీ ఇద్దరిలో ఆడపిల్ల ఉందా అమ్మా?" అని అడిగితే ఆమె "ఉంది" అంటే మూడింట ఒకటి. ఇద్దరిలో ఎవరో ఒకరిని వెంటబెట్టుకుని ఆమె పత్తి తీతకు వెళుతుంటే, ఆ పిల్ల ఆడపిల్లని మీరు చూస్తే సగం. కాబట్టి జవాబు కంటే ముందు "నీకెలా తెలిసింది?" అని అడిగిన పిల్లవాడికే నేను మార్కులు వేసేవాణ్ణి.

శాతాలు పక్కన పడేయండి

లెక్కల మాస్టారు శాతాలు వద్దనడం వినడానికి బాగుండదు. వద్దనే అంటున్నాను. తొలకరి ముందు మన జిల్లాల్లో రైతును వణికించేది నకిలీ విత్తనం. నూటికి ఒక ప్యాకెట్టు నకిలీది అనుకుందాం. పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉందనుకుందాం. అసలుదైనా నకిలీదైనా నూటికి 95 సార్లు సరిగ్గా చెబుతుంది. మీ ప్యాకెట్టును నకిలీ అంది. అది నిజంగా నకిలీ అయ్యే అవకాశం? చదువుకున్నవాళ్ళు తడుముకోకుండా 95 అంటారు.

శాతాలు వదిలి ప్యాకెట్లు లెక్కపెట్టండి. పదివేల ప్యాకెట్లలో వంద నకిలీవి. వాటిలో 95 దొరుకుతాయి. మిగతా 9,900 మంచివి. వాటిలో నూటికి ఐదు చొప్పున 495 ప్యాకెట్లను ఆ పరీక్ష నకిలీవని పొరబడుతుంది. మొత్తం 590 ప్యాకెట్ల మీద నకిలీ ముద్ర పడింది. నిజమైన నకిలీవి 95. నూటికి పదహారు! ఆస్పత్రిలో రక్తపరీక్ష కాగితం చేతికొచ్చినప్పుడు కూడా ఇదే లెక్క, భయపడేముందు మనుషుల్ని లెక్కపెట్టండి.

పుస్తకం పెట్టిన షరతును అనుమానించండి

23 మంది ఒకచోట ఉంటే ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగం కంటే కాస్త ఎక్కువ, 50.7 శాతం. 23 మందిలో 253 జతలుంటాయి కాబట్టి. అరవైమంది క్లాసులో 99 శాతం దాటుతుంది. పుస్తకం ఇక్కడితో ఆపుతుంది. మన ఊళ్ళ బడి రిజిస్టరు తీసి చూస్తే పాత బ్యాచుల్లో జూన్, జులై పుట్టినరోజులు గుట్టలు గుట్టలుగా ఉంటాయి. ఇంట్లో తేదీ ఎవరూ రాసుకోలేదు. బడిలో చేర్చేనాటికి ఐదేళ్ళు నిండాలి కాబట్టి మాస్టారు ఒక తేదీ వేసేవారు. 365 రోజులూ సమానమన్న షరతు ఆ రిజిస్టరులో లేదు. జత దొరకడం ఇంకా తేలిక.

నాణెం లెక్క కూడా అంతే. ఐదుసార్లు బొమ్మ పడితే ఆరోసారి బొరుసు రావాలని ఏమీ లేదు, నాణేనికి జ్ఞాపకం లేదు. ఇది నేర్చుకున్న కుర్రాడు ఒకడు మిరప ధరకూ ఇదే వర్తిస్తుందని వాళ్ళ నాన్నతో వాదించాడు. తప్పు. మిరపకు జ్ఞాపకం ఉంది. ఒక ఏడు ధర పలికితే మరుసటి ఏడు అందరూ మిరపే వేస్తారు, మిర్చి యార్డుకు టిక్కీలు (మిరప బస్తాలు) పోటెత్తుతాయి, ధర పడుతుంది. పడిన ఏడు అమ్ముకోలేనిది కోల్డ్ స్టోరేజీల్లో కూర్చుని తర్వాతి ఏడు ధరను కూడా లాగుతుంది. 2021 చివర్లో నల్ల తామరపురుగు తోటల్ని ఊడ్చేసినట్టు ఏదైనా వస్తే ఈ వరసంతా తారుమారు. వాళ్ళ నాన్న చెప్పిందే సరి అని ఆ కుర్రాడికి నేనే చెప్పాను.

బస్తాలు కాదు, జవాబులు లెక్కపెట్టండి

తొమ్మిది టిక్కీల్లో ఒకటి తేలిక. తక్కెడతో రెండు తూకాల్లో పట్టాలి. ఇది తేలికే, మూడు మూడు పెట్టి చూడండి. కష్టమైనది ఇంకొకటి. పన్నెండింటిలో ఒకటి తేడా. బరువో తేలికో తెలియదు. మూడు తూకాల్లో ఆ తేడాది ఏదో పట్టాలి, బరువో తేలికో కూడా చెప్పాలి. పిల్లలు వెంటనే తూయడం మొదలెడతారు. ఆగమంటాను. తక్కెడ ఒకసారికి మూడు మాటలే చెప్పగలదు: ఎడమ, కుడి, సమానం. మూడుసార్లకు 27. మనకు కావలసినవి పన్నెండు రెండ్లు 24. కాబట్టి ఆశ ఉంది. పదమూడైతే 26, అదీ 27 లోపే, అయినా కుదరదు. మొదట నాలుగు, నాలుగు తూస్తే బయట ఐదు మిగులుతాయి. తక్కెడ సమానంగా నిలిస్తే ఆ ఐదింటికి పది అవకాశాలు, రెండు తూకాలు చెప్పేది తొమ్మిది మాటలు. ఐదు, ఐదు తూసి మొగ్గితే మళ్ళీ పదే. ఇంకెలా మొదలెట్టినా మిగిలేవి పదికి పైమాటే. ఒక్క బస్తా కూడా ఎత్తకుండానే, కుదరదని తేల్చేశాం.

కొలత ఎంత చెప్పగలదో అంతకు మించి చెప్పదు. తెలుగింటి బిడ్డ సి.ఆర్. రావు, 1920లో హడగళిలో పుట్టి ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివి కలకత్తా వెళ్ళినాయన, 1945లో రాసిన వ్యాసంలో ఇలాంటి హద్దునే మరో రూపంలో నిరూపించాడు. చేతిలో ఉన్న సమాచారంతో వేసే అంచనాలో పొరపాటు ఒక మేరకంటే తగ్గదని. అప్పటికి ఆయన వయసు పాతికేళ్ళు.

పన్నెండు టిక్కీల తూకం ఎలా వేయాలో ఇక్కడ రాయడం లేదు. ఇంకొకటి కూడా ఇచ్చి వదిలేస్తాను. 1889లో బెర్ట్రాండ్ అనే ఫ్రెంచి గణితవేత్త నాణేలతో ఇచ్చిన లెక్క ఇది. నేను మిరపకాయలతో అడుగుతాను. మూడు సంచులు. ఒకదాంట్లో రెండూ ఎర్రకాయలు, ఒకదాంట్లో రెండూ రంగుపోయిన తాలుకాయలు, ఇంకోదాంట్లో ఒకటి ఎరుపు, ఒకటి తాలు. కళ్ళు మూసుకుని ఒక సంచిలోంచి ఒక కాయ తీశారు. ఎర్రకాయ. అదే సంచిలో మిగిలిన కాయ కూడా ఎరుపే అయ్యే అవకాశం ఎంత? ఇంట్లో పిల్లలుంటే ఈ రాత్రి మూడు సంచులూ ఆరు కాయలూ వాళ్ళ చేతిలో పెట్టండి, జవాబు మాత్రం వెతికి చెప్పకండి. ముందు మీ జవాబు పెన్నుతో రాసి, పక్కన తేదీ వేయండి.